చేప ఎదురెక్కే కాలం చూసి టికెట్టు తీసుకోండి
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అయ్యా, నాకు అరవై రెండేళ్ళు. సాగర్ ఎడమ కాలువ కింద ఐదెకరాల వరి సాగు చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి కాలువ గట్టున గాలం వేసే అలవాటు ఉంది. మా అబ్బాయి అమెరికాలో సియాటిల్ పక్కన బాథెల్ అనే ఊళ్ళో ఉంటాడు. యాసంగి కోతలు కాగానే మే నెలలో వచ్చి, జూలైలో నార్లు పోసుకునే వేళకు తిరిగి వెళ్ళమంటున్నాడు. అక్కడ సాల్మన్, స్టీల్‌హెడ్ అనే చేపలు సముద్రం నుంచి నదుల్లోకి ఎదురెక్కుతాయని విన్నాను. ఆ రెండింటినీ ఒకే ప్రయాణంలో పట్టాలని నా కోరిక. మే, జూన్ నెలలు అందుకు అనుకూలమేనా? ముందుగా ఏమేమి చూసుకోవాలి?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: మే, జూన్ నెలలు మీ పొలానికి అనుకూలమే గాని మీ కోరికకు కావు. మీరు ముందు నెల అనుకుని ఆ తరువాత చేప సంగతి అడుగుతున్నారు. ఈ వ్యవహారంలో వరుస తిరగబడాలి. ముందు ఏ చేప అన్నది తేల్చుకోవాలి, తరువాత ఏ నది అన్నది చూసుకోవాలి, ఆ చేప ఆ నదిలోకి వచ్చే వారాలు తెలుసుకోవాలి, విమానం టికెట్టు సంగతి ఆ తరువాతే. తొలకరిలో చెరువు మత్తడి దుంకినప్పుడు చేపలు ఎదురెక్కుతాయని తెలిసినవాడు వేసవిలో మత్తడి దగ్గర బుట్ట పట్టుకుని నిలబడడు కదా.

సాల్మన్ అనేది ఒక్క చేప పేరు కాదు. పసిఫిక్ సముద్రం నుంచి, మీ అబ్బాయి ఉండే వాషింగ్టన్ రాష్ట్రపు నదుల్లోకి వచ్చే సాల్మన్లు ఐదు రకాలు: చినూక్, కోహో, సాకై, పింక్, చమ్. ఇవన్నీ మంచినీటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాము పుట్టిన నదికే తిరిగి వచ్చి, గుడ్లు పెట్టిన తరువాత చనిపోతాయి. స్టీల్‌హెడ్ కూడా వీటి గోత్రానిదే అయినా రెయిన్‌బో ట్రౌట్ అనే చేపలో సముద్రానికి వెళ్ళి వచ్చే రకం అది. గుడ్లు పెట్టాక అది తప్పనిసరిగా చనిపోదు. కొన్ని తిరిగి సముద్రానికి దిగి మరో ఏడు మళ్ళీ వస్తాయి. ఈ రకాలు ఒక్కొక్కటి ఒక్కొక్క వేళకు వస్తాయి గనుకనే ఏ నెల అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉండదు.

మే, జూన్ నెలల్లో చేప అసలే ఉండదని నేను అనడం లేదు. ఆ రాష్ట్రంలోని కొలంబియా నదిలో వసంతకాలపు చినూక్ మార్చి నుంచి మే వరకు వస్తుంది. కొవ్వు పట్టి ఎంతో రుచిగా ఉంటుందని అక్కడివారు దాని కోసం ప్రాణం పెడతారు. అయితే మీరు మే నెలాఖరుకు దిగి, ప్రయాణపు బడలిక తీరి, నది దగ్గరికి చేరేసరికి ఆ సందడి చాలా వరకు ముగిసి ఉంటుంది. జూలైలో బేకర్ చెరువుకు సాకై చేరుతుంది గాని అప్పటికి మీరు నారుమడి దగ్గర ఉంటారు. అసలైన రద్దీ ఆగస్టు మధ్య నుంచి మొదలవుతుంది. కొలంబియాలోకి శరత్కాలపు చినూక్ ఆగస్టులో ప్రవేశించి సెప్టెంబరులో ముమ్మరమవుతుంది. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న పూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి, దానిలో కలిసే నదుల్లోకి కోహో ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా వస్తుంది. చమ్ అన్నిటికంటే వెనుక, నవంబరులో ఎక్కువగా కనిపిస్తుంది. పింక్ సాల్మన్‌కు రెండేళ్ళ ఆయుష్షే ఉంటుంది గనుక ఆ ప్రాంతపు నదుల్లోకి అది బేసి సంవత్సరాలలోనే గుంపులు గుంపులుగా వస్తుంది. 2023లో, 2025లో వచ్చింది. 2027లో మళ్ళీ వస్తుంది, 2026లో ఎదురుచూస్తే రాదు. కొత్తగా గాలం వేసేవారికి పింక్ అంత దయ గల చేప మరొకటి లేదు. మీకు ఏడాది ఆగే ఓపిక ఉంటే బేసి సంవత్సరమే ఎంచుకోమంటాను.

ఇప్పుడు మీ సేద్యం సంగతి చూద్దాం. మీ ప్రాంతంలో వానాకాలపు నాట్లు జూలై, ఆగస్టు నెలల్లో పడతాయి, కోతలు నవంబరు నుంచి మొదలవుతాయి. మధ్యలో కలుపు, ఎరువు, నీళ్ళు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి ఒకరు దొరికితే ఆగస్టు ఆఖరున బయలుదేరి అక్టోబరు ఆఖరుకు తిరిగి రావచ్చు. చేప వచ్చే కాలమూ మీ వరి పొట్టకు వచ్చే కాలమూ ఒకటే కావడం మీ అదృష్టం. పిల్లలకు సెప్టెంబరులో బడి తెరుస్తారు గనుక మనవళ్ళతో తిరగడం కుదరదని మీ అబ్బాయి అనవచ్చు. శని, ఆదివారాలు ఉన్నాయి కదా.

రెండు చేపలూ ఒకే ప్రయాణంలో కావాలన్న కోరిక దగ్గర మాత్రం కొంచెం ఆగండి. స్టీల్‌హెడ్‌లో వేసవి గుంపు వేరు, శీతకాలపు గుంపు వేరు. శీతకాలపు స్టీల్‌హెడ్ డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు వస్తుంది. పేరు గాంచిన నదులు ఒలింపిక్ ద్వీపకల్పంలో, ఫోర్క్స్ అనే చిన్న పట్టణం చుట్టూ ఉన్నాయి: హోహ్, బొగషీల్, సోల్ డక్. నల్లగొండలో సుమారు నాలుగేళ్ళు కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుంది; చలిలో, ఆ ముసురులో రోజంతా నీటిలో నిలబడి ఒక్క చేప కూడా తగలకుండా తిరిగి రావడం అక్కడివారికి మామూలు సంగతి. మీ వయసుకు, మీ తొలి ప్రయాణానికి దానిని నేను సూచించను. వేసవి స్టీల్‌హెడ్ జూలై నుంచి సెప్టెంబరు వరకు కొలంబియాలో పైకి వెళ్తుంది గనుక సెప్టెంబరులో చినూక్‌తో పాటు అది కూడా తగలవచ్చు. కానీ దాని సంఖ్య తగ్గిన కారణంగా పట్టినదానిని ఉంచుకోవడానికి ఇటీవలి సంవత్సరాల్లో చాలా చోట్ల, చాలా వారాల పాటు అనుమతి ఉండడం లేదు. సాల్మన్‌ను నమ్ముకుని వెళ్ళండి. స్టీల్‌హెడ్ తగిలితే కొసరు అనుకోండి.

ఇక అనుమతుల సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలో పదిహేనేళ్ళు నిండిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి. పరాయి ప్రాంతాల నుంచి వచ్చేవారికి దాని రుసుము ఎక్కువ. సాల్మన్, స్టీల్‌హెడ్ పట్టేవారు లైసెన్సుతో పాటు ఒక పట్టీ కూడా తీసుకుని, ఉంచుకున్న ప్రతి చేపనూ అప్పటికప్పుడు దానిలో రాయాలి. ఇంటికి వెళ్ళి తీరికగా రాస్తానంటే కుదరదు. మన దగ్గర కాలువ గట్టున ఎవరూ అడగరు గనుక ఇదంతా మనకు వింతగా తోస్తుంది. అక్కడ అధికారి గట్టు మీదికే వచ్చి అడుగుతాడు, జరిమానా కూడా గట్టిగానే ఉంటుంది.

ఏ నదిలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకు ఎన్ని చేపలు అన్నది ఏటా కొత్తగా నిర్ణయిస్తారు. ఆ ఏడు ఎన్ని చేపలు తిరిగి రావచ్చన్న అంచనాలు మార్చి నాటికి వెలువడతాయి. వాటిని ముందు పెట్టుకుని రాష్ట్ర అధికారులూ అక్కడి ఆదివాసీ తెగల ప్రతినిధులూ కూర్చుని ఏప్రిల్‌లో ఒక ఒప్పందానికి వస్తారు. 1974లో బోల్ట్ అనే న్యాయమూర్తి ఇచ్చిన తీర్పు ప్రకారం, పట్టదగిన చేపలలో సగం, పూర్వం అమెరికా ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకున్న తెగల హక్కు. అలా కుదిరిన నియమాలతో జూలై 1 నుంచి మరుసటి జూన్ 30 దాకా వర్తించే నియమావళి అచ్చవుతుంది. అంటే ఏప్రిల్ దాటక ముందే తేదీలు ఖాయం చేసుకుని టికెట్టు కొన్నవాడు గుడ్డిగా కొన్నట్టే. అచ్చయిన నియమాలు కూడా మధ్యలో మారుతుంటాయి. వచ్చిన చేపలు తక్కువని తేలితే ఒక్క రోజు ముందు ప్రకటించి నదిని మూసివేయడం కూడా ఉంది. అందుచేత బయలుదేరే ముందు రోజు రాత్రి ఆ రాష్ట్రపు చేపలు, వన్యప్రాణుల శాఖవారి ప్రకటనలు చూడమని మీ అబ్బాయికి చెప్పండి.

పట్టిన చేపను ఉంచుకోవచ్చా లేదా అన్నదానికి చాలా చోట్ల ఒక సులువైన గుర్తు ఉంది. చేప వీపు మీద, తోకకు కొంచెం ముందు, ఎముక లేని చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది. పెంపక కేంద్రాలలో పొదిగించి వదిలే పిల్లలకు ఆ రెక్కను కత్తిరించి వదులుతారు. అది లేని చేప పెంపకపు చేప, ఉన్నదానిని నదిలో సహజంగా పుట్టిన చేపగా లెక్కిస్తారు. సహజమైన చేపను వదిలిపెట్టాలన్న నియమం ఉన్న చోట దానిని నీటిలో నుంచి పూర్తిగా పైకి ఎత్తడం కూడా తప్పే. వాట్సాప్‌లో ఊరివాళ్ళకు చూపించడానికి ఒక్క ఫొటో అని మీకూ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. నీటిలో ఉండగానే తీయించుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది నీరు. ఇక్కడ మీకు అమెరికావాళ్ళ కంటే అనుభవం ఎక్కువ. శ్రీశైలానికి ఇన్‌ఫ్లో ఎంత, సాగర్ 590 అడుగులకు ఇంకా ఎన్ని అడుగులు ఉంది, గేట్లు ఎప్పుడు ఎత్తుతారు అని ఆగస్టు నెలంతా పేపరు తిరగేసే మనుషులం మనం. అక్కడి నదుల ప్రవాహాన్ని కూడా క్యూసెక్కులలోనే లెక్క కడతారు. పేరు వేరుగా పలుకుతారు గాని సెకనుకు ఘనపుటడుగు అన్న కొలత అదే. అమెరికా భూగర్భ సర్వే సంస్థ పెట్టిన మాపక కేంద్రాల అంకెలు రోజంతా కొద్ది నిమిషాలకొకసారి ఇంటర్నెట్టులో మారుతుంటాయి. బాథెల్‌కు దగ్గరలో ఉన్న స్కైకోమిష్ నదికి గోల్డ్ బార్ అనే ఊరి దగ్గర అలాంటి కేంద్రం ఉంది. వేసవి చివర ఆ నదిలో వెయ్యి క్యూసెక్కులు కూడా పారని రోజులు ఉంటాయి, నవంబరు వరదల్లో అదే నది పదుల వేల క్యూసెక్కులు మోస్తుంది. 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన వరద చూసిన మనకు ఆ అంకెలు చిన్నవిగా తోచవచ్చు. నది చిన్నది, వాలు ఎక్కువ, నీరు మంచులా చల్లన. అంకె చూసి తేలికగా తీసుకోకండి.

ఆ అంకెలు ఎలా చదవాలో చెబుతాను. వాన లేక నది సన్నబడి, నీరు అద్దంలా తేటగా ఉంటే చేపలు నది మొగ దగ్గరే ఆగిపోతాయి. లోపలికి వచ్చినవి కూడా బెదిరి లోతు మడుగుల్లో దాక్కుంటాయి. గట్టి వాన పడి ప్రవాహం ఒక్కసారిగా పెరిగి, నీరు ఎర్రబారినప్పుడు చేపలు కదులుతాయి గాని గాలం వాటి కంటికి ఆనదు. వాన వెలిసి, ప్రవాహం రోజురోజుకూ తగ్గుతూ, నీరు బురద రంగు పోయి లేత ఆకుపచ్చకు తిరిగి, రెండు మూడు అడుగుల లోతు వరకు కనిపించే ఆ రెండు మూడు రోజులే అసలైన రోజులు. అందుకే ఒక్క తేదీకి కట్టుబడకుండా పది పన్నెండు రోజుల వ్యవధి పెట్టుకుని, అందులో నది ఇచ్చిన రోజును వాడుకోవాలి.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నీటిపారుదల పనిలో ముప్పై ఏళ్ళు గేజీ రాళ్ళ అంకెలు రాసినవాడినై ఉండి కూడా, మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిన మొదటి ఏడు, అక్టోబరు మొదటి వారంలో ఒక తేదీకి పడవతో సహా గైడును రెండు నెలల ముందే మాట్లాడుకున్నాను. అంతకు ముందు మూడు వారాలు చినుకు లేదు. తెల్లవారుజామున ఐదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా గాలం వేసి తీసి, వేసి తీసి, ఒక్క కుదుపు కూడా తెలియక ఇంటికి వచ్చాము. గైడు తప్పేమీ లేదు. నాలుగో రోజున వాన పడింది, ఆ వారాంతంలో అదే మలుపు దగ్గర కోహో విరగబడిందని తెలిసింది. అప్పటికి నేను హైదరాబాదు విమానంలో ఉన్నాను.

తిండి గురించి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత విని, నదిలోకి వచ్చిన చేపకే రుచి అనుకుంటాము. సాల్మన్ విషయంలో ఇది తలకిందులు. నదిలోకి అడుగుపెట్టాక సాల్మన్ మేత మానేస్తుంది, ఒంట్లోని కొవ్వును కరిగించుకుంటూ ఈదుతుంది. సముద్రం నుంచి వచ్చిన కొత్తలో వెండిలా మెరిసే చేప, వారాలు గడిచేకొద్దీ ఎర్రబడి, నల్లబడి, మగచేపకు ముక్కు కొక్కెంలా వంగి, కండ పాలిపోతుంది. మెరిసేదానిని తినండి, రంగు తిరిగినదానిని నియమం ఒప్పుకున్నా వదిలేయండి. మేత మానిన చేప గాలాన్ని ఎందుకు కరుస్తుందని మీకు సందేహం రావచ్చు. ముందుకు వచ్చి కవ్వించిన దానిని కోపంతోనో, సముద్రంలో ఉన్నప్పటి అలవాటు కొద్దీనో కరుస్తుందని అంటారు. అందుకే అక్కడ మన ఎర్రల కంటే తళుకు రేకులు, రంగు పూసలు, ఊరవేసిన చేపగుడ్లు ఎక్కువ పని చేస్తాయి. చాలా నదుల్లో ఎదురుముల్లు లేని గాలమే వాడాలి. చేప తగిలాక దారం వదులు చేశారా, పోయినట్టే.

కాలువలో ఈత నేర్చిన ధైర్యాన్ని మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళండి. మంచు కరిగి వచ్చిన నీటిలో పడితే మంచి ఈతగాడి చేతులు కూడా కొద్ది నిమిషాల్లో బిగుసుకుపోతాయి. లైఫ్ జాకెట్టు, నడుముకు బిగించే బెల్టు, చేతిలో ఒక ఊతకర్ర లేకుండా నీటిలో దిగవద్దు.

ప్రశ్న: మా కుమారుడు డెట్రాయిట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సముద్రం అక్కడికి చాలా దూరం. అయినా మిషిగన్ నదుల్లో సాల్మన్ పడుతుందని వాడు అంటున్నాడు. జూరాల దగ్గర చేపలు చూసిన నాకు ఇది నమ్మశక్యంగా లేదు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: నిజమే, కానీ అవి అక్కడి చేపలు కావు. సముద్రం నుంచి చొరబడిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప, మిషిగన్‌ను ఆనుకుని ఉన్న మహాసరస్సులలో (గ్రేట్ లేక్స్) విపరీతంగా పెరిగి, గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుంటే, దానిని తినే పెద్ద చేప కావాలని 1966లో మిషిగన్ ప్రభుత్వం పసిఫిక్ తీరం నుంచి తెచ్చిన గుడ్లతో పెంచిన కోహో పిల్లలను వదిలింది. మరుసటి ఏడు చినూక్‌ను వదిలింది. స్టీల్‌హెడ్ అంతకు ముందే, పంతొమ్మిదో శతాబ్దం చివరలోనే అక్కడికి చేరింది. వీటికి ఉప్పునీటి ముఖమే తెలియదు; సరస్సునే సముద్రం అనుకుని పెరిగి, కాలం రాగానే నదుల్లోకి ఎదురెక్కుతాయి.

మిర్యాలగూడ పాఠకుడికి నేను వద్దన్న కోరిక మీకు ఇక్కడ తీరవచ్చు. మెనిస్టీ, పియర్ మార్కెట్ నదుల్లో చినూక్ సెప్టెంబరు నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా ఉంటుంది. దాని గుడ్లు తినడానికి వెనకాలే స్టీల్‌హెడ్ అక్టోబరు చివర నుంచి రావడం మొదలై, చలికాలమంతా నదిలోనే ఉండి, మార్చి, ఏప్రిల్ నెలల్లో గుడ్లు పెడుతుంది. అక్టోబరు రెండో సగంలో వెళితే ఒకదాని తోక, మరొకదాని తల దొరుకుతాయి. రెండూ నిండుగా దొరకవని మాత్రం గుర్తుంచుకోండి. మిషిగన్ లైసెన్సు వేరు, నియమాలు వేరు. పైన చెప్పిన వాషింగ్టన్ సంగతులు ఇక్కడికి వర్తించవు.

ప్రశ్న: పట్టిన చేప ఏ రకమో చూడగానే గుర్తుపట్టడం ఎలా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: తోక, నోరు చూడు బాబూ. తోక రెండు పాయల మీదా నల్లటి చుక్కలు, చిగుళ్ళు నలుపు అయితే చినూక్. చుక్కలు పై పాయ మీదే ఉండి, చిగుళ్ళు తెలుపు అయితే కోహో. తోక నిండా పెద్ద కోడిగుడ్డు ఆకారపు మచ్చలు ఉంటే పింక్. సాకై, చమ్ చేపలకు ఆ నల్ల చుక్కలు ఉండవు. స్టీల్‌హెడ్‌కు నోటి లోపల తెలుపు, తోక చివర దాదాపు తిన్నగా కోసినట్టు ఉంటుంది. పొట్ట వెనుక రెక్కలో పుల్లలు పన్నెండుకు మించవు, సాల్మన్‌కైతే పదమూడు, అంతకు పైనే. ఒకటి బదులు మరొకటి ఉంచుకుంటే జరిమానా పడుతుంది గనుక అక్కడివారికి ఇది చదువు లాంటిదే.

ప్రశ్న: మేము శాకాహారులం. సెప్టెంబరులో మా అమ్మాయి పురుడుకు సియాటిల్ వెళ్తున్నాను. చేపలను పట్టడం కాదు, ఎదురెక్కడం కళ్ళారా చూడాలని ఉంది. ఎక్కడికి వెళ్ళాలి?
– ఒక గృహిణి, వనపర్తి

జవాబు: అమ్మా, మీ కోరికే అన్నిటికంటే తేలికగా తీరుతుంది, లైసెన్సు కూడా అక్కరలేదు. సియాటిల్ నగరంలోనే బాలర్డ్ అనే చోట 1917లో ప్రారంభమైన పడవల లాకులు ఉన్నాయి. సముద్రపు మట్టానికీ లోపలి చెరువు మట్టానికీ ఉన్న తేడాను చేపలు ఎక్కడానికి పక్కన మెట్లు మెట్లుగా నీటి తొట్లు కట్టారు. నేల కింద ఉన్న గదిలో అద్దాల వెనుక ఆ చేపలు మీ ముఖానికి జానెడు దూరంలో ఈదుతూ కనిపిస్తాయి. జూలైలో సాకై, ఆగస్టులో చినూక్, సెప్టెంబరులో కోహో అక్కడ ఎక్కువ.

పురుడు సెప్టెంబరులో అంటున్నారు గనుక అక్టోబరులో ఇసక్వా వెళ్ళడం మేలు. మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే ఊరే అది. ఊరి మధ్యలో పెంపక కేంద్రం, దాని పక్కనే సన్నటి వాగు. వంతెన మీద నిలబడితే కింద మోకాలి లోతు నీటిలో మోచేయంత, అంతకంటే పెద్ద చేపలు అడ్డుకట్టను ఎగిరి దాటబోతూ వెనక్కి పడుతూ మళ్ళీ ఎగురుతూ ఉంటాయి. అక్టోబరు మొదటి శని, ఆదివారాల్లో అక్కడ సాల్మన్ జాతర జరుగుతుంది, కారు నిలపడానికి చోటు దొరకదు. బాలింతనూ పసిబిడ్డనూ ఇంట్లో అల్లుడికి అప్పగించి, మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి. వంతెన మీద బడిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు.